అత్తగారికి ఐదో గేరు

మా ఆవిడ వేగాన్ని చెవితో కొలిచేది.

ఆమె నడిపే పికప్పులో స్పీడోమీటరు లేక కాదు. ఉంది. కాకపోతే మా పెళ్ళికి రెండేళ్ళ ముందే దాని ముల్లు నలభై దగ్గర ఆగిపోయింది. బండి రోడ్డు మీద పోతున్నా నలభై, షెడ్డులో నిలబడి ఉన్నా నలభై. కొత్తల్లో నేను మొదటిసారి ఎక్కిన రోజున, బండి ఇంకా కదలకముందే నలభైలో ఉన్నామని చూసి తలుపు గట్టిగా పట్టుకున్నాను. ఆ సంగతి ఆమె ఇరవై రెండేళ్ళపాటు, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పింది. పోయిన ఏడాది ఆమె పోయినప్పుడు వచ్చినవాళ్ళకు కూడా అదే గుర్తొచ్చినట్టుంది. నవ్వవచ్చో లేదో తెలియక నా ముఖంలోకి చూశారు. నేనే ముందు నవ్వాను.

బండి వాళ్ళ నాన్నది. ఆయన కోడిపిల్లలు పొదిగించే హేచరీ నుంచి ఒక్కరోజు వయసున్న పిల్లల్ని ఫారాలకు చేరవేసేవాడు. ఆయన తర్వాత బండీ, ఆ పనీ కూతురికి, పనిముట్ల పెట్టె కొడుక్కి వచ్చాయి. ఆ కొడుకును, అంటే మా బావమరిదిని, ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికే వాడికి ముప్పై అయిదేళ్ళు, మా గుమ్మంలోకి తల వంచి రావాలి. పేరు మాత్రం చిన్నోడే. బస్టాండు వెనక వాడి మెకానిక్ షెడ్డు.

పికప్పుకు మా ఆవిడ పెట్టిన పేరు అత్తగారు. పొద్దున్నే లేచి మొదట పలకరించాల్సింది ఆవిడనే, నీళ్ళు పోయాల్సింది ముందు ఆవిడకే, ఏమాత్రం తేడా వచ్చినా అలిగి కూర్చునేదీ ఆవిడే. మా అమ్మ మా పెళ్ళికి ముందే కాలం చేసింది కాబట్టి ఇంట్లో ఆ స్థానం ఖాళీగా ఉందని మా ఆవిడ వాదన. "అత్తగారు ఇవాళ దగ్గుతున్నారండీ" అంటూ లోపలికి వచ్చేది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అక్షరం తలకిందులైతే పట్టుకోగలను గానీ, ఇంజను ఏ పక్కన ఉంటుందో నాకు పెళ్ళయిన ఆరు నెలలకు తెలిసింది.

చెవి సంగతి చెబుతున్నాను కదా. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పక్కన కూర్చోబెట్టుకుని, ముక్కుతో సన్నగా ఒక స్వరం పట్టి వినిపించాడట. ఇంజను గొంతు ఇక్కడిదాకా రావచ్చు, ఇది దాటనివ్వకు అన్నాడట. ఆయన ఒకసారి దాటనిచ్చి, ఇంజను పగిలి, మూడు నెలలు కాలినడకన తిరిగిన మనిషి. ఆ మాట ఆమెకు ఎంత ఒంటబట్టిందంటే, బండి తోలుతున్నంతసేపూ ఆ స్వరం లోపల్లోపల పలుకుతూనే ఉండేది. నాలుగో గేరులో, అంటే ఆ బండికి ఉన్న ఆఖరి గేరులో, ఇంజను ఆ గొంతుకు వచ్చిందంటే యాభై కిలోమీటర్లు. ఎప్పుడో ఎవరో పక్కన మోటారు సైకిలు మీద వస్తూ చూసి చెప్పిన లెక్క అది. ఆమె అక్కడ ఆగేది. వెనక లారీలు ఎంత హారన్ కొట్టినా సరే, పాపం ఏదో తొందర అని చెయ్యి బయటపెట్టి దారి చూపించేది.

అలవాటు ముదిరి, ఇంట్లో ఫ్యాను మూడో నంబరులో తిరుగుతుంటే "ముప్పై రెండు" అనేది. పక్కింటి మిక్సీ తొంభై దాటుతుందని బెంగపడేది.

అలాంటి మనిషికి హేచరీలో కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడట. ఊరి చుట్టుపక్కల ఫారాలు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి, ఇక పెద్ద ఆర్డరంతా కొత్త హైవే మీద నూట డెబ్భై కిలోమీటర్ల అవతలి ఫారానికే. పిల్లలు ట్రేల్లోంచి బయటికి వచ్చి, లెక్క అయ్యి, అట్టపెట్టెల్లోకి చేరేసరికి పొద్దున్న ఐదు. ఎండ ముదరకముందు, ఎనిమిదికల్లా అక్కడ దిగాలి. ఎనిమిది దాటితే ఫారంవాళ్ళు తీసుకోరు. వచ్చే సోమవారం ఒక్కసారి మీరే తీసుకెళ్ళి చూపించండి, కుదరకపోతే కొత్త వ్యాను పెడతాం, అప్పుడిక మీ బండికి ఇక్కడ పని ఉండదమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం నేను కాగితం మీద లెక్క వేశాను. ఊళ్ళోంచి బయటపడి హైవే ఎక్కడానికి, ఇరవై కిలోమీటర్లకు, అరగంట. తర్వాత యాభైలో వెళితే ఎనిమిదిన్నర దాటుతుంది. అరవైలో అయితే చాలు. కానీ అరవై అంటే నాలుగో గేరులో అత్తగారు అరుస్తారు, ఒళ్ళంతా వణుకుతారు, రేడియేటరు మరుగుతుంది. పైగా మా ఆవిడ పాదం యాభై దాటితే దానంతటదే పైకి లేస్తుంది. ఒకసారి పల్లంలో దిగుతుంటే నేను కళ్ళారా చూశాను. ఆమెకు తెలియకుండానే లేచింది.

ఆమె ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఒక్కటే అంది. "వ్యాను తోలమన్నా తోలతాను. కానీ అది నాతో మాట్లాడదు కదండీ."

మర్నాడు చిన్నోడు తోపుడుబండి మీద ఏదో తెచ్చాడు. పైన దుప్పటి కప్పి, ఎండ తగలకుండా ఒక పక్క గొడుగు కట్టి. దుప్పటి తీస్తే ఐదు గేర్ల గేరుబాక్సు. అదే కంపెనీ తర్వాత చేసిన పికప్పుది, పాత ఇనుము కొట్లో దొరికింది. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, ఐదో గేరు వేస్తే ఏమవుతుందని అడిగింది. వాడు మా మేడమెట్లు చూపించాడు.

"ఇప్పుడు ఎత్తెత్తు మెట్లు నాలుగున్నాయనుకో. వాటి బదులు చిన్నవి ఐదు కడతాం. మేడ ఎత్తు అదే, ఎక్కడం సులువు. అత్తగారికి ఆయాసం ఉండదు. అప్పుడు నువ్వు అరవైకి పోనిచ్చినా మరగదు."

ఆమె మెట్ల వంక చూసి, సరే, ఆ ఒక్క రోజుకూ నాన్న మాట దాటుతాను అంది. నేను కూడా మెట్ల వంక చూసి తల ఊపాను. నా తల ఊపుడికి విలువేమీ లేదని చిన్నోడు అప్పుడే చెప్పాడు.

మూడు రోజుల పని అది. నేను ప్రెస్సుకు సెలవు పెట్టాను. చిన్నోడు బండి కింద వెల్లకిలా పడుకుని ఒక్కో నట్టూ విప్పి బయటికి విసిరేవాడు. నేను వాటిని ఏరి, పాత ప్రూఫు కాగితాలు చింపి, వెనకవైపు నంబరు వేసి, ఏది ఎక్కడిదో రాసి చుట్టి పెట్టేవాణ్ణి. వాడు మొదట నవ్వాడు. బావ నట్లకు పేరుపెట్టి ఉత్తరాలు రాస్తున్నాడని షెడ్డు పక్క టీ కొట్టుదాకా వెళ్ళి చెప్పి వచ్చాడు. రెండో రోజుకు, "బావా, పదిహేడో కాగితం ఇటు ఇవ్వు" అనడం మొదలుపెట్టాడు. పదిహేడో కాగితం మీద మూడో తరగతి లెక్కల పుస్తకం ఉండేది. అందులో ఒకడు గంటకు నాలుగు మైళ్ళు నడుస్తున్నాడు.

కొత్త గేరుబాక్సు పాతదానికన్నా జానెడు పొడుగు. దాంతో వెనక చక్రాలకు తిప్పుడు అందించే షాఫ్టును లేతు మిషను దగ్గరికి తీసుకెళ్ళి ఆ జానెడూ కోయించి అతికించాం. గేరుబాక్సును మోసే అడ్డపట్టీ వెనక్కి జరిపాం. క్లచ్ ప్లేటు మార్చాం. అన్నీ కుదిరాయి గానీ, గేరు కడ్డీ పాత బొక్కలోంచి రాలేదు. జానెడు వెనక, సరిగ్గా సీటు అంచు దగ్గర పైకి వచ్చింది. సీటు ముందుభాగం కొంత కోసి దారి ఇచ్చాం. మధ్యలో కూర్చునేవాడి మోకాలికి మాత్రం దారి లేదు. రెండో గేరు వేసినప్పుడల్లా కడ్డీ వచ్చి నా మోకాలి మీద పడేది. ఆ బండిలో మధ్యలో కూర్చునేది నేనే.

"మోకాలు" అనేది మా ఆవిడ. నేను తీసేవాణ్ణి. ఆమె గేరు వేసేది. నేను మళ్ళీ పెట్టేవాణ్ణి. ఊళ్ళో ఒక్క వీధి తిరిగి వచ్చేసరికి పదకొండు సార్లయింది.

స్పీడోమీటరు తీగ కొత్త గేరుబాక్సుకు కుదరదని చిన్నోడు దాన్ని చుట్టి డాష్‌బోర్డు కింద కట్టేశాడు. ముల్లు ఎలాగూ నలభైలోనే ఉంది కనుక ఎవరమూ పట్టించుకోలేదు.

సోమవారం తెల్లవారుజామున ఇరవై పెట్టెలు ఎక్కాయి. పెట్టెకు వంద. రెండువేల పిల్లలు ఒకేసారి కిచకిచమంటుంటే ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. చెవిలో చిల్లర నాణేలు పోసి కలుపుతున్నట్టు ఉంటుంది. ఐదూ ఐదుకు బయలుదేరాం. ఆమె స్టీరింగు ముందు, నేను మధ్యలో మోకాలితో, అవతల కిటికీ పక్కన చిన్నోడు. మూడు రోజుల నిద్ర బాకీ ఉన్నవాడు, ఊరు దాటకముందే అద్దానికి తల ఆనించి పడిపోయాడు.

ఐదున్నరకు హైవే ఎక్కాం. ఆమె నాలుగో గేరు నుంచి ఐదుకు మార్చింది. అత్తగారు ఒక్కసారి నిట్టూర్చి, శాంతించారు. నిజంగానే అలా అనిపించింది. వణుకు లేదు, అరుపు లేదు. మా ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. ముక్కుతో తన స్వరం పట్టింది. వెనక రెండువేల గొంతులు, వాటి మధ్య తన గొంతు తనకు వినపడాలి కదా, కాస్త గట్టిగానే పట్టింది. ఇంజను ఆ గొంతుకు వచ్చేదాకా తొక్కి, అక్కడ ఆపింది.

"యాభై" అంది.

అరవైకి ఎప్పుడు పోనిస్తావని అడిగాను. కొత్త గేరుబాక్సు కదా, ఇంకో పది కిలోమీటర్లు యాభైలోనే ఒళ్ళు వెచ్చబడనిద్దాం అంది. పది అయ్యాక ఇంకో పది అంది. యాభైలో అయితే అందుకోలేం. వాచీ తీసి చేతిలో పట్టుకుని కిలోమీటరు రాళ్ళు చూడటం మొదలుపెట్టాను. యాభైలో ఒక రాయి నుంచి ఇంకో రాయికి డెబ్భై రెండు సెకన్లు పట్టాలి. నలభై ఎనిమిదే పడుతోంది. ఇంకోసారి చూశాను. నలభై ఎనిమిది.

ఇరవై ఏళ్ళు అచ్చుతప్పులు పట్టినవాణ్ణి. నాకు తట్టింది ఒక్కటే. రాళ్ళు తప్పు పాతారు.

ఆమెకు చెప్పాను. తనూ ఒప్పుకుంది. కొత్త రోడ్డు కదా, కొలిచినవాడు ఇంటికి వెళ్ళే తొందరలో దగ్గర దగ్గరగా పాతేసి ఉంటాడు అంది. ఇద్దరం కాసేపు ఆ మనిషిని తిట్టుకున్నాం. అంతలో ముందు ఒక లారీ కనబడింది. కనబడి, దగ్గరికి వచ్చి, పక్కకు వచ్చి, వెనక్కి పోయింది. మా ఆవిడ జన్మలో ఇంకో బండిని దాటి వెళ్ళడం అదే మొదలు.

"పాపం, దానికేదో అయినట్టుంది" అంది అద్దంలో చూస్తూ.

తర్వాత ఒక ట్యాంకరు. దానికీ ఏదో అయింది. తర్వాత ప్రయాణికులతో నిండుగా ఒక బస్సు. ఆమె దాన్ని దాటుతూ కిటికీలోంచి డ్రైవరు వంక జాలిగా చూసింది. అతను మమ్మల్ని, మా బండిని, వెనక పెట్టెల్ని చూసి నోరు తెరిచాడు. బస్సువాడు హారన్ కొట్టాడు. ఆ మోతకు చిన్నోడు లేచాడు.

వాడు బస్సు వెనక్కి పోవడం చూశాడు. తర్వాత అక్కను చూశాడు.

"ఎంతలో ఉన్నావక్కా?"

"యాభై. ఏంట్రా ఇది, ఈ దారిలో ఒక్క బండికీ ఆరోగ్యం బాగాలేదు."

వాడి భుజాలు కదలడం మొదలైంది. నేను ఉండబట్టలేక నా పరిశోధన కూడా చెప్పాను. కిలోమీటరుకు నలభై ఎనిమిది సెకన్లే వస్తోంది, రాళ్ళు పాతినవాడి మీద అర్జీ పెట్టాలి అన్నాను. దాంతో వాడు సీటులోంచి జారి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, ఊపిరి అందక డాష్‌బోర్డు మీద చేత్తో కొట్టాడు. ఆ దెబ్బకు ఇన్నేళ్ళుగా నలభైలో ఉన్న ముల్లు ఊడి కింద పడింది.

మా ఆవిడ బండి పక్కకు తీసి ఆపింది. ఆరూ నలభై అయింది. వంద కిలోమీటర్లు వచ్చాం, ఇంకా డెబ్భై ఉంది.

"మీ లెక్క విని నవ్వడం కాదండీ ఇది. వీడేదో చేశాడు. చెప్పరా."

చిన్నోడు కిందికి దిగి, కళ్ళు తుడుచుకుని చెప్పాడు. నాలుగో మెట్టు దగ్గరే పాత మేడ ఎత్తు అయిపోయింది. ఐదోది డాబా మీదికి. ఇంజను అదే గొంతులో ఉన్నా బండి ఇంకా ముందుకు పోతుంది. ఆ సంగతి చెబితే అక్క పాదం లేచిపోతుందని చెప్పలేదు. స్పీడోమీటరు తీగ కుదరదన్నది కూడా అబద్ధమే. ఆమె బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందు టైరు తన్ని, వచ్చి నిలబడింది.

"అయితే నేను ఎంతలో వచ్చాను?"

"బావ రాళ్ళే కరెక్టు. డెబ్భై అయిదు. కానీ అక్కా, నేను అరవై నాలుగు అనుకున్నాను. డెబ్భై అయిదు ఎలా వచ్చిందో నాకూ తెలీదు."

అది వినగానే ఆమె ముఖం పాలిపోయింది. వేగం ఎంతయినా ఇంజను నాన్న చెప్పిన గొంతులోనే ఉందంటే ఆమె తట్టుకునేదే. ఈ లెక్క ప్రకారం గొంతు దాటింది. ఎక్కడ దాటిందో నాకు తట్టింది. గంటకు పైగా ఆమె పక్కన కూర్చుని వింటున్నది నేను కదా. పిల్లల కిచకిచకు పైన వినబడాలని పట్టి పట్టి, ఆమె స్వరమే పైకి ఎక్కిపోయింది. దానితోపాటే ఇంజనూ ఎక్కింది.

"ఇక్కడ కాదు, ఇటు రా" అంది తమ్ముడితో. బండికి యాభై అడుగుల దూరం తీసుకెళ్ళింది, పిల్లల గోల వినబడనంత దూరం. వాడికీ నాన్న చిన్నప్పుడు అదే స్వరం నేర్పాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, కళ్ళు మూసుకుని, ముక్కుతో ఊఁ అన్నారు. మొదట కలవలేదు. ఆమె తగ్గించింది, వాడు కాస్త పెంచాడు. హైవే మీద పోయే లారీలు వేగం తగ్గించి చూశాయి. నేను వాచీ పట్టుకుని, రెండువేల కోడిపిల్లలకు కాపలా కాస్తూ, నవ్వు ఆపుకోలేక బండికి ఆనుకుని నిలబడ్డాను. ఒకచోట రెండు గొంతులూ ఒకటైపోయాయి. ఇద్దరికీ తెలిసింది. కళ్ళు తెరిచారు.

"ఇదే నాన్నది" అంది.

"ఇదే. వేగం ఎంతని నాన్న ఎప్పుడూ అనలేదక్కా."

ఆరూ నలభై ఎనిమిది. ఆమె ఎక్కి కూర్చుంది. "మోకాలు" అంది. నేను తీశాను.

ఈసారి చిన్నోడు కిటికీ పక్కన కూర్చుని, ఆమె మళ్ళీ పైకి పోకుండా ఆ స్వరం పట్టి ఉంచాడు. ఆమె దాన్ని అందుకుంది, ఇంజను ఆమెను అందుకుంది. రాయికీ రాయికీ యాభై ఆరు సెకన్లు. నేను ప్రతి రాయి దగ్గరా అంకె చదువుతున్నాను. అరవై నాలుగు, ఒక్క పిసరు ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆమె పాదం ఒక్కసారి లేవబోయింది. నేను చూశాను. తమ్ముడి గొంతు విని మళ్ళీ దిగింది. అరగంటకు వాడు అలిసిపోతే నేను అందుకున్నాను. నాకు శ్రుతి లేదు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఒకేసారి నన్ను ఆపమన్నారు.

ఫారం గేటు దగ్గరికి ఎనిమిదికి ఆరు నిమిషాలు తక్కువగా చేరాం. అక్కడి సూపర్‌వైజరమ్మ చెప్పులు వేసుకుంటూ వచ్చి, పెట్టె పెట్టె మూత తీసి, ఒక్కో మూల చెయ్యి పెట్టి వేడి చూసింది. ఒక్క పిల్ల కూడా వాలిపోలేదు. రసీదు మీద వేళ వేసి సంతకం పెట్టి, వచ్చే వారం కూడా మీరే రండి అంది. మా ఆవిడ రసీదు రెండుసార్లు చదివించుకుంది నా చేత. రెండోసారి, వేళ దగ్గర అచ్చుతప్పేమీ లేదు కదా అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు బండి ఖాళీ. ముందూ వెనకా రోడ్డు ఖాళీ. ఆమె చాలాసేపు నాన్న గొంతులోనే తోలి, ఉన్నట్టుండి అంది.

"చిన్నోడా, ఇందాక నేను పైకి వెళ్ళిందెక్కడికి?"

వాడు పలికి చూపించాడు.

"ఒక్క కిలోమీటరు. నాన్న చూడకుండా. ఏవండీ, వాచీ."

నలభై ఏడు సెకన్లు. రాయి దాటగానే పాదం తీసేసి, చెంగు నోట్లో కుక్కుకుని, ఊరు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ఆ దారిలో ఆమె పదకొండేళ్ళు పిల్లల్ని మోసింది. ఒక్కరోజూ ఎనిమిది దాటలేదు. స్పీడోమీటరుకు తీగ తగిలిస్తానని చిన్నోడు ఎన్నిసార్లు అడిగినా, ముల్లు లేనిదానికి తీగ ఎందుకు అనేది.

బండి ఇప్పుడు వాడి దగ్గర ఉంది. మొన్న ఆదివారం వచ్చి, అత్తగారిని కాసేపు తిప్పకపోతే అలుగుతారు, రా బావా అన్నాడు. కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది గానీ నేను అలవాటుగా మధ్యలో కూర్చున్నాను. వీధి మలుపు తిరిగాడు. రెండో గేరు వేయాలి. వాడు కడ్డీ మీద చెయ్యి వేసేసరికి నా మోకాలు అప్పటికే పక్కకు జరిగి ఉంది.

హైవే ఎక్కాక వాడు స్వరం పట్టాడు. కాసేపు ఆగి నేనూ పట్టాను.

"అక్క చెప్పింది నిజమే బావా" అన్నాడు. "నువ్వు ఆపు."

నేను ఆపలేదు.